లాటెక్‌లో సొంత డాక్యుమెంట్ క్లాసు ఏర్పాటు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పరిశోధన గ్రంథాలు రాస్తున్న విద్యార్థులు, ప్రత్యేక సంచికలు వేసే సాహిత్య సంస్థలవారు, డీటీపీ కేంద్రాలు నడిపేవారు, ఆదేశాలు టైపు చేసి పుస్తకాలను అచ్చుకు కూర్చే లాటెక్ అనే సాఫ్ట్‌వేరు గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఆదేశాల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో, ముందు బ్యాక్‌స్లాష్ చేర్చి టైపు చేయాలి. లోడ్‌క్లాస్, డిక్లేర్‌ఆప్షన్ వంటి క్లాసు నిర్మాణ ఆదేశాల్లో ప్రతి పదం మొదటి అక్షరం పెద్ద అక్షరంగా ఉండాలి. లేకపోతే లాటెక్ వాటిని గుర్తించదు.

డాక్యుమెంట్ క్లాసు అంటే ఏమిటి?

పుస్తకం ఎలా కనబడాలో నిర్ణయించే ఫైలు ఇది. కాగితం కొలత, మార్జిన్లు, అక్షరాల పరిమాణం, అధ్యాయం పేరు ఎక్కడ ఎంత పెద్దగా పడాలి, పేజీ సంఖ్య పైన ఉండాలా కింద ఉండాలా వంటి నిర్ణయాలన్నీ అందులో ఉంటాయి. రచయిత మూల ఫైలులో విషయం మాత్రమే ఉంటుంది. ఆ ఫైలు మొదటి వరుసలో డాక్యుమెంట్‌క్లాస్ అనే ఆదేశం ఏ పేరును పిలిస్తే, ఆ పేరుకు చివర సీఎల్‌ఎస్ అనే తోక ఉన్న ఫైలును లాటెక్ వెతికి తెచ్చుకుంటుంది. ఆర్టికల్, రిపోర్ట్, బుక్, లెటర్ అనే క్లాసులు లాటెక్‌తోపాటే వస్తాయి. లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన తొలి లాటెక్‌లో వీటిని స్టైల్ అనేవారు. క్లాసు, ప్యాకేజీ (ఏ క్లాసుకైనా అదనపు సదుపాయాలు చేర్చే ఫైలు) అనే నేటి విభజన 1994లో వచ్చిన లాటెక్ టూఈ అనే కూర్పుతో స్థిరపడింది.

నాకు క్లాసు కావాలా, ప్యాకేజీ సరిపోతుందా?

మీరు రాసుకున్న ఏర్పాటు ఏ రకం పత్రంలోనైనా పనికివచ్చేదైతే అది ప్యాకేజీ కావాలి. ఒక రకం పత్రానికే పరిమితమైతే క్లాసు కావాలి. సవర అనే గిరిజన భాష పదాలకు వేరే ఫాంటు వాడే ఏర్పాటు వ్యాసంలోనూ పుస్తకంలోనూ అవసరపడుతుంది కాబట్టి దాన్ని ప్యాకేజీగా రాయాలి. విశ్వవిద్యాలయానికి సమర్పించే సిద్ధాంత గ్రంథానికి ముఖపత్రం, ధ్రువపత్రం, ప్రకటన పత్రం ఒక నిర్ణీత వరుసలో రావాలి కాబట్టి అది క్లాసు పని. ఒక్కసారి అచ్చువేసి మరిచిపోయే పది పేజీల కరపత్రానికి ఈ రెండూ అక్కర్లేదు. మూల ఫైలు మొదట్లో నాలుగు వరుసలు చేర్చుకుంటే సరిపోతుంది.

బుక్ క్లాసు ఫైలునే తెరిచి దిద్దుకోవచ్చు కదా?

దిద్దకండి. లాటెక్ పంపిణీని, అంటే కంప్యూటర్‌లో ఎక్కించుకున్న లాటెక్ ఫైళ్ల మొత్తాన్ని, అప్‌డేట్ చేసిన రోజున మీ దిద్దుబాట్లన్నీ పోతాయి. అదే మూల ఫైలును పక్క కంప్యూటర్‌లో తెరిస్తే పుస్తకం మరోలా కనిపిస్తుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కొత్త పేరుతో సొంత ఫైలు సృష్టించి, అందులోంచి బుక్ క్లాసును పిలిచి, నచ్చని అంశాలను మాత్రమే మార్చుకోవడం సరైన పద్ధతి.

అయితే అంతా మొదటి నుంచి రాసుకోవడం మేలు కాదా?

సాంకేతికంగా అది సాధ్యమే. నార్మల్‌సైజ్ ఆదేశం నిర్వచనం, టెక్స్ట్‌విడ్త్, టెక్స్ట్‌హైట్ కొలతలు, పేజీ సంఖ్యల పద్ధతి ఉంటే చాలు, ఏ క్లాసైనా నడుస్తుంది. కానీ విషయసూచిక, అధోజ్ఞాపికలు, పటాల స్థానం, అనుబంధాలు, గ్రంథసూచి అన్నీ మళ్లీ మీరే కట్టుకోవాలి. నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఉన్న క్లాసు మీద కట్టండి. పరిశోధన గ్రంథానికి రిపోర్ట్ గాని బుక్ గాని పునాదిగా సరిపోతుంది. కథా సంకలనం, కవితా సంపుటి వంటి వాటికి మెమ్వార్ క్లాసు మరింత అనుకూలం, ఎందుకంటే పద్యాల అమరిక, పేజీ శీర్షికల రూపకల్పన వంటి సదుపాయాలు అందులో ముందే ఉన్నాయి.

క్లాసు ఫైలులో ఏది ముందు, ఏది వెనుక రాయాలి?

చాలామంది ఇబ్బంది పడేది ఈ క్రమం దగ్గరే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పునాది బుక్ క్లాసు, మన క్లాసు పేరు ‘వంశధార’ అనుకుందాం. అప్పుడు ఫైలు పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, వంశధార చుక్క సీఎల్‌ఎస్ అవుతుంది.

మొదటి వరుసలో నీడ్స్‌టెక్‌ఫార్మాట్ అనే ఆదేశం ఈ ఫైలు లాటెక్ టూఈ కోసం రాసినదని ప్రకటిస్తుంది. రెండో వరుసలో ప్రొవైడ్స్‌క్లాస్ ఆదేశం క్లాసు పేరును, ఆ పక్కన చదరపు కుండలీకరణాల్లో తేదీని, కూర్పు సంఖ్యను, చిన్న వివరణను చెబుతుంది. తేదీలో సంవత్సరం, నెల, రోజు ఇదే వరుసలో ఉండాలి, అంటే 2025/06/01 అన్నట్టు రాయాలి. ఇక్కడ ఇచ్చిన పేరు ఫైలు పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సరిపోకపోతే అడిగిన క్లాసు ఒకటి, వచ్చింది మరొకటి అనే హెచ్చరిక వస్తుంది.

ఆ తరువాత ఆప్షన్లు, అంటే వాడేవారు డాక్యుమెంట్‌క్లాస్ వరుసలో ఇవ్వగలిగే ఎంపికలు వస్తాయి. మీ క్లాసుకే ప్రత్యేకమైన ఆప్షన్లను డిక్లేర్‌ఆప్షన్‌తో ఒక్కొక్కటిగా ప్రకటించాలి. ఉదాహరణకు ‘చిత్తుప్రతి’ అనే ఆప్షన్ ఇచ్చినప్పుడు వరుసల మధ్య దూరం పెరగాలని చెప్పవచ్చు. మీరు ప్రకటించని ఆప్షన్లన్నింటినీ పునాది క్లాసుకు అప్పగించడానికి, పక్కన నక్షత్రం గుర్తు ఉన్న డిక్లేర్‌ఆప్షన్‌ను, దాని లోపల పాస్‌ఆప్షన్స్‌టుక్లాస్‌ను వాడాలి. ఇవన్నీ ప్రకటించాక ప్రాసెస్‌ఆప్షన్స్ అని, దాని వెంటనే రిలాక్స్ అని రాయాలి. ఆ తరువాతే లోడ్‌క్లాస్‌తో బుక్‌ను పిలవాలి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే, అప్పగించిన ఆప్షన్లు బుక్ క్లాసుకు చేరకముందే అది తెరుచుకుని ఉంటుంది.

లోడ్‌క్లాస్ అయ్యాక రిక్వైర్‌ప్యాకేజ్‌తో అవసరమైన ప్యాకేజీలను తెచ్చుకోవాలి. మూల ఫైలులో వాడే యూజ్‌ప్యాకేజ్‌కు క్లాసు ఫైలులో బదులుగా వచ్చేది ఇదే. చివరగా మీ సొంత మార్పులు, అంటే మార్జిన్లు, శీర్షికలు, కొత్త ఆదేశాలు, కొత్త ఎన్విరాన్‌మెంట్లు (బిగిన్, ఎండ్ ఆదేశాల మధ్య పాఠానికి వర్తించే ఏర్పాట్లు) రాయాలి. పునాది క్లాసు నిర్వచించినదాన్ని మార్చే పని కాబట్టి అది పునాది వచ్చిన తరువాతే జరగాలి.

అక్షరాల పరిమాణం పన్నెండు పాయింట్లు అని క్లాసులో రాసినా, వాడేవారు పదకొండు ఇస్తే ఏమవుతుంది?

లోడ్‌క్లాస్‌లోనే పన్నెండు పాయింట్ల ఆప్షన్‌ను స్థిరంగా రాసి, వాడేవారి ఆప్షన్లను కూడా అప్పగిస్తే రెండూ బుక్ క్లాసుకు చేరతాయి. బుక్ క్లాసు తన ఆప్షన్లను తాను ప్రకటించుకున్న వరుసలో అమలు చేస్తుంది కాబట్టి, వరుసలో తరువాత ఉన్న పన్నెండే నెగ్గుతుంది. సిద్ధాంత గ్రంథానికి ఇది మంచిదే, ఎందుకంటే పరిమాణం ఎవరూ మార్చకూడదు. సాధారణ పుస్తకానికైతే స్థిరంగా రాయకుండా, ప్రాసెస్‌ఆప్షన్స్‌కు ముందు ఎగ్జిక్యూట్‌ఆప్షన్స్ ద్వారా మీ సొంత ఆప్షన్లకు తొలి విలువలు ఇచ్చుకోండి. 2022 నుంచి డిక్లేర్‌కీస్, ప్రాసెస్‌కీఆప్షన్స్ అనే కొత్త ఆదేశాలు లాటెక్‌లోనే చేరాయి. ‘బైండింగ్ సమానం పది మిల్లీమీటర్లు’ అన్నట్టు విలువ తీసుకునే ఆప్షన్లు కావాలంటే అవి చాలా సుఖంగా ఉంటాయి.

తెలుగు పుస్తకానికి ఏ ఇంజిన్ వాడాలి?

ఇంజిన్ అంటే మూల ఫైలును పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రామ్. జీలాటెక్ గాని లువాలాటెక్ గాని వాడాలి. మామూలు పీడీఎఫ్‌లాటెక్ యూనికోడ్ తెలుగు ఫాంట్లను నేరుగా చదవలేదు, వత్తులను గుణింతాలను కూర్చలేదు. లువాలాటెక్ వాడేవారు ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో రెండరర్ విలువను హార్ఫ్‌బజ్ అని తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే వత్తులు విడివిడిగా పడతాయి. రెండు ఇంజిన్లలోనూ స్క్రిప్ట్ విలువ తెలుగు అని చెప్పాలి. ఈ విలువలన్నీ క్లాసు ఫైలులోనే ఉంటే, రచయిత వాటిని ఒక్కసారి కూడా తలచుకోనక్కరలేదు. ఐఎఫ్‌టెక్ అనే చిన్న ప్యాకేజీని చేర్చి, పొరపాటున పీడీఎఫ్‌లాటెక్‌తో నడిపినవారికి క్లాస్‌ఎర్రర్ ఆదేశం ద్వారా ‘ఈ క్లాసును జీలాటెక్‌తో నడపండి’ అని చెప్పించడం వాడేవారి పట్ల మీరు చూపే మర్యాద. ఇంటర్నెట్‌లోనే లాటెక్ నడిపే ఓవర్‌లీఫ్ వెబ్‌సైటులో పనిచేసేవారు సెట్టింగ్స్‌లో కంపైలర్‌ను మార్చుకోవాలి.

ఏ ఫాంట్లు బాగుంటాయి?

లోపలి పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు నమ్మదగినది, దానికి బోల్డ్ రూపం కూడా ఉంది. శీర్షికలకు మన ప్రాంతపు పెద్దల పేర్లతోనే ఉన్న గురజాడ, గిడుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. విజయనగరం నుంచి వచ్చే సంచికకు గురజాడ, శ్రీకాకుళం నుంచి వచ్చేదానికి గిడుగు వాడితే నాకు ఎంతో ఇష్టం. అయితే ఈ రెండింటికీ ఒక్క రూపమే ఉంది, బోల్డ్ లేదు. బుక్ క్లాసు అధ్యాయ శీర్షికలను బోల్డ్‌లో అడుగుతుంది కాబట్టి ఫాంటు రూపం లేదన్న హెచ్చరిక వస్తుంది. టైటిల్‌సెక్ ప్యాకేజీతో శీర్షికను తిరిగి నిర్వచించి, అందులో బోల్డ్ ఆదేశాన్ని వదిలేయడమే సరైన పరిష్కారం. కృత్రిమంగా లావు చేయించే సదుపాయం ఉన్నా, అచ్చులో అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

వరుసల మధ్య దూరం ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా పడుతోంది. ఎందుకు?

తెలుగు పుస్తకాలు లాటెక్‌లో వికారంగా కనిపించడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. బుక్ క్లాసు పన్నెండు పాయింట్ల అక్షరానికి వరుస నుంచి వరుసకు 14.5 పాయింట్ల దూరం ఇస్తుంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో ‘రాష్ట్రం’, ‘శాస్త్రం’ వంటి మాటల్లో రెండు వత్తులు కిందికి దిగుతాయి. ఆ కింద వరుసలో ‘కీర్తి’ వంటి మాట ఉంటే దాని గుడి పైకి లేస్తుంది. రెండూ తగలబోతున్నాయని గ్రహించిన టెక్ (లాటెక్‌కు అడుగున పనిచేసే ప్రోగ్రామ్) ఆ రెండు వరుసలను మాత్రమే దూరం జరుపుతుంది. మిగిలినవి దగ్గరగానే ఉండిపోతాయి కాబట్టి పేజీ ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

మూల ఫైలులో అక్కడక్కడా ఖాళీలు చేర్చి దీన్ని సరిచేయబోతే ఆ పని ఎప్పటికీ తెమలదు. క్లాసులో లైన్‌స్ప్రెడ్ విలువ 1.3 ఇస్తే 14.5 పాయింట్లు 18.85 పాయింట్లవుతాయి, వత్తులకు చోటు దొరుకుతుంది. ఎంచుకున్న ఫాంటును బట్టి ఈ విలువ కాస్త పెరగవచ్చు, తగ్గవచ్చు. జంట వత్తులున్న మాటలతో ఒక పేరా రాసుకుని, దాన్ని అచ్చుతీసి చూసి నిర్ణయించుకోండి. తెర మీద చూసి నిర్ణయించకండి.

ఈ సందర్భంలోనే మరో రెండు మాటలు చెప్పాలి. రెండు వైపులా అచ్చువేసే పుస్తకంలో బుక్ క్లాసు ప్రతి పేజీ అడుగునూ ఒకే గీతకు తేవడానికి పేరాల మధ్య ఖాళీలను సాగదీస్తుంది. అది నచ్చకపోతే ర్యాగెడ్‌బాటమ్ అని రాయండి. తెలుగులో మాటలు పొడవైనవి, ఒక వరుసలో తక్కువ మాటలే పడతాయి కాబట్టి, కుడి అంచు సమంగా రావడానికి మాటల మధ్య ఖాళీలు బాగా పెరగాల్సి వస్తుంది. ఆ ఖాళీలను అదనంగా సాగనిచ్చే ఎమర్జెన్సీస్ట్రెచ్‌కు తగినంత విలువ ఇవ్వడం, తెలుగు పదవిభజన నియమాలు (వరుస చివర మాటను ఎక్కడ విరవాలో చెప్పేవి) అమలవుతున్నాయో లేదో చూసుకోవడం ఇందుకు అవసరం.

చాప్టర్‌నేమ్‌ను ‘అధ్యాయం’ అని మార్చినా మార్పు కనిపించడం లేదు. ఏం చేయాలి?

మీరు క్లాసులో రెన్యూకమాండ్‌తో చేసిన మార్పు నిజంగానే జరిగింది. కానీ పాఠం మొదలయ్యే క్షణంలో భాషల ఏర్పాట్లు చూసే పాలీగ్లాసియా ప్యాకేజీ తన తెలుగు పేర్ల జాబితాను అమలు చేసి, మీ మాటను చెరిపేస్తుంది. అందుకని మీ మార్పును ఆ జాబితా చివరకే చేర్చాలి. క్యాప్షన్స్‌తెలుగు అనే ఆదేశానికి గ్యాప్‌టు ద్వారా మీ రెన్యూకమాండ్‌ను తగిలిస్తే, జాబితా నడిచిన ప్రతిసారీ చివరి మాట మీదే అవుతుంది. విషయసూచిక, పటం, పట్టిక, అనుబంధం వంటి పేర్లన్నింటికీ ఇదే దారి. పాలీగ్లాసియాకు బదులు బేబెల్ ప్యాకేజీ వాడేవారికి ఇదే పనికి సెట్‌లొకేల్‌క్యాప్షన్ ఉంది.

‘అధ్యాయం 1’ అని కాకుండా ‘1వ అధ్యాయం’ అని రావాలంటే?

పునాది క్లాసు ముందు పేరును, తరువాత సంఖ్యను వేస్తుంది కాబట్టి పేరు మార్చినంత మాత్రాన వరుస మారదు. టైటిల్‌సెక్‌లో టైటిల్‌ఫార్మాట్ ఆదేశంతో సంఖ్యను ముందుకు తేవాలి. అక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త అవసరం. అధ్యాయం సంఖ్యను వేసే దిచాప్టర్ అనే ఆదేశానికి ఆనించి ‘వ’ రాస్తే, జీలాటెక్‌కు తెలుగు అక్షరం కూడా అక్షరమే కాబట్టి, అది ‘వ’ను కూడా ఆదేశం పేరులో భాగంగా చదివి, అలాంటి ఆదేశమే లేదని ఆగిపోతుంది. మధ్యలో ఖాళీ వదిలితే లాటెక్ ఆ ఖాళీని మింగేసి సంఖ్యను, ‘వ’ను పక్కపక్కనే వేస్తుంది. ఆదేశాన్ని మీసాల కుండలీకరణాల్లో పెట్టి దాని పక్కన ‘వ’ రాస్తే చదివేవారికీ స్పష్టంగా ఉంటుంది, అందుకే నేను దాన్నే సిఫారసు చేస్తాను. అ, ఆ, ఇ అని ఉపవిభాగాలను లెక్కించడానికి ఇఫ్‌కేస్‌తో సొంత లెక్కింపు ఆదేశం రాసుకునేవారు కూడా, ప్రతి ఆర్ ఆదేశం తరువాత ఒక ఖాళీ వదలాలి.

సిద్ధాంత గ్రంథం ముఖపత్రానికి పర్యవేక్షకుల పేరు, శాఖ పేరు ఎలా తీసుకోవాలి?

టైటిల్, ఆథర్ ఆదేశాలు పనిచేసే పద్ధతినే అనుసరించండి. ‘గైడ్’ అనే ఆదేశం తనకిచ్చిన పేరును లోపల ఒక రహస్య పేరుతో దాచుకుంటుంది. మేక్‌టైటిల్‌ను తిరిగి రాసేటప్పుడు ఆ దాచినదాన్ని బయటికి తీసి ముఖపత్రం మీద వేయాలి. ఆ రహస్య పేరులో ఎట్ గుర్తు ఉంటుంది. క్లాసు ఫైలులో ఆ గుర్తును అక్షరంగా వాడుకోవచ్చు, మూల ఫైలులో మాత్రం మేక్‌ఎట్‌లెటర్ లేకుండా వాడలేరు. వాడేవారు పొరపాటున లోపలి ఏర్పాట్లను తాకకుండా ఉండాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. పర్యవేక్షకుల పేరు ఇవ్వడం మరిచిపోతే క్లాస్‌వార్నింగ్‌తో గుర్తుచేయించండి. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఉన్న విశ్వవిద్యాలయంలో సమర్పించబోయే విద్యార్థి, గడువు ముందురోజు రాత్రి ముఖపత్రంలో ఖాళీ చూసుకునే పరిస్థితి రాకూడదు. మార్జిన్లు, వరుసల దూరం ఎంత ఉండాలో మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన నియమావళిని చూసే రాయండి. ఇంకో విశ్వవిద్యాలయం క్లాసులోని కొలతలు నమ్మవద్దు.

డెమ్మీ 1/8 సైజులో పుస్తకం వేయాలంటే?

జామెట్రీ ప్యాకేజీకి కాగితం వెడల్పు ఐదున్నర అంగుళాలు, పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు అని చెప్పండి. బైండింగ్‌ఆఫ్‌సెట్ విలువ కూడా ఇవ్వాలి, లేకపోతే లోపలి అంచు అక్షరాలు కుట్టులోకి పోతాయి. తుది కొలతను మీ ప్రెస్సువారిని అడిగి, వారు కత్తిరించే పరిమాణాన్ని బట్టి సరిచూసుకోండి.

క్లాసు ఫైలును ఎక్కడ పెట్టాలి?

ఒక్క పుస్తకానికే అయితే మూల ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. ఓవర్‌లీఫ్‌లోనూ అంతే. అన్ని పుస్తకాలకూ కావాలంటే మీ హోమ్ ఫోల్డర్‌లో టెక్స్‌ఎమ్‌ఎఫ్ అనే ఫోల్డర్, దానిలో టెక్స్, దానిలో లాటెక్స్, దానిలో మీ క్లాసు పేరుతో ఒక ఫోల్డర్ సృష్టించి అందులో ఉంచాలి. మ్యాక్‌లో ఇదంతా లైబ్రరీ ఫోల్డర్ లోపల ఉంటుంది. టెక్‌లైవ్ అనే పంపిణీలో ఇంకే పనీ అక్కర్లేదు. మిక్‌టెక్ అనే పంపిణీ వాడేవారు కన్సోల్‌లో ఆ ఫోల్డర్‌ను నమోదు చేసి, ఫైలు పేర్ల జాబితాను రిఫ్రెష్ చేయాలి. లాటెక్ ఏ ఫైలును పట్టుకుంటోందో తెలియాలంటే కేపీఎస్‌ఈవిచ్ అనే ఆజ్ఞకు క్లాసు ఫైలు పేరు ఇవ్వండి; అది పూర్తి దారిని చూపుతుంది. పాత కాపీ ఇంకెక్కడో ఉండిపోయి, అదే తెరుచుకోవడం తరచుగా జరిగే విషయం.

లైక్స్ వాడతాను. నా క్లాసు అక్కడ జాబితాలో కనిపించడం లేదు.

ఆదేశాలు టైపు చేయకుండానే లాటెక్ పత్రాలు రాయనిచ్చే ఎడిటర్ లైక్స్. దానికి సీఎల్‌ఎస్ ఫైలు ఒక్కటే చాలదు, తెర మీద ఎలా చూపాలో చెప్పే లేఅవుట్ ఫైలు కూడా కావాలి. అందులో హాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలో డిక్లేర్‌లాటెక్‌క్లాస్ అని ఉంటుంది. అది చూడటానికి వ్యాఖ్యలా ఉన్నా లైక్స్ దాన్ని చదువుతుంది, కాబట్టి తీసేయకూడదు. ఆ తరువాత ఇన్‌పుట్ ఆదేశంతో బుక్ లేఅవుట్‌ను తెచ్చుకుని, మీరు కొత్తగా చేర్చిన ఎన్విరాన్‌మెంట్లకు మాత్రమే స్టైల్ విభాగాలు రాయండి. ఫైలును మీ యూజర్ డైరెక్టరీలోని లేఅవుట్స్ ఫోల్డర్‌లో ఉంచి, టూల్స్ మెనూలో రీకాన్ఫిగర్ నొక్కి, లైక్స్‌ను మూసి తెరవాలి. సీఎల్‌ఎస్ ఫైలు లాటెక్‌కు దొరకకపోతే పేరు కనిపించినా అందుబాటులో లేదని చూపుతుంది.

సవర మాటలు కూడా పుస్తకంలో ఉన్నాయి. క్లాసులో ఏం చేర్చాలి?

సీతంపేట వైపు పనిచేసే ఉపాధ్యాయుల నుంచి ఈ ప్రశ్న వస్తుంటుంది. సవరను తెలుగు లిపిలోనే రాస్తుంటే వేరే ఫాంటు అక్కర్లేదు. కానీ తెలుగు పదవిభజన నియమాలు ఆ మాటలకు వర్తించవు కాబట్టి, విభజన ఆపే చిన్న ఆదేశం ఒకటి ఉండాలి. సొరంగ్ సొంపెంగ్ లిపిలో రాస్తుంటే, ఆ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది, దానికి నోటో ఫాంటు ఉంది. న్యూఫాంట్‌ఫ్యామిలీతో దాన్ని పరిచయం చేసి, ‘సవర’ అన్న అర్థం వచ్చే ఆదేశం వెనుక ఉంచండి. మూల ఫైలులో ఎక్కడా ఫాంటు పేరు రాయవద్దు. రేపు మెరుగైన ఫాంటు వస్తే క్లాసులో ఒక్క వరుస మారిస్తే సరిపోవాలి.

పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాన్ని ఈ క్లాసులోకి తేవచ్చా?

నేరుగా తేలేరు. ఆ ఫైళ్లలో ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చి ఉంటాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెదిరిన వత్తులను, అరసున్నలను, ఉద్ధరణ చిహ్నాలను ప్రూఫ్ చూసి సరిచేసుకుని, ఆ తరువాతే లాటెక్‌లోకి తేవాలి. ఈ పనికి పట్టే కాలాన్ని ముందే లెక్క వేసుకుని పుస్తకం ఒప్పుకోండి.

ఆప్షన్ క్లాష్ అనే తప్పు వస్తోంది. ఎందుకు?

మీ క్లాసు ఒక ప్యాకేజీని కొన్ని ఆప్షన్లతో తెచ్చుకుంది, రచయిత మూల ఫైలులో దాన్నే వేరే ఆప్షన్లతో మళ్లీ పిలిచారు. రచయిత ఆ వరుస తీసేయాలి. ఆ ఆప్షన్ తప్పనిసరి అయితే డాక్యుమెంట్‌క్లాస్ వరుసకు పైన పాస్‌ఆప్షన్స్‌టుప్యాకేజ్‌తో ఇవ్వాలి. క్లాసు తనంతట తాను ఏ ప్యాకేజీలు తెచ్చుకుంటుందో ఒక చిన్న పత్రంలో రాసి, దాని వెంట ఇవ్వడం క్లాసు రాసేవారి బాధ్యత.

క్లాసును ఇతరులకు ఇచ్చాక మార్పులు చేయవచ్చా?

చేయవచ్చు, కానీ మార్చిన ప్రతిసారీ ప్రొవైడ్స్‌క్లాస్‌లోని తేదీని, కూర్పు సంఖ్యను మార్చండి. రచయిత తన డాక్యుమెంట్‌క్లాస్ వరుస చివర చదరపు కుండలీకరణాల్లో ఒక తేదీ రాస్తే, తన దగ్గరున్న క్లాసు అంతకన్నా పాతదైనప్పుడు లాటెక్ హెచ్చరిస్తుంది. పేజీల అమరికను మార్చే దిద్దుబాటు అయితే పాత పేరు మీద పెట్టకండి, కొత్త పేరుతో ఇవ్వండి. అచ్చుకు వెళ్లిన పుస్తకం రెండో ముద్రణకు వచ్చినప్పుడు పేజీ సంఖ్యలు, పదసూచి ఉన్నవి ఉన్నట్టే రావాలంటే, ఆ పుస్తకం ఫోల్డర్‌లో అప్పటి క్లాసు ఫైలును, వాడిన ఫాంట్లను కూడా భద్రపరచి ఉంచండి.